మా చేతికి ఫోనిచ్చి చూడండి సార్!

"కోర్సులన్నీ ఆన్‌లైన్లో పెట్టేశాం, చదువు అందరికీ అందింది" అంటున్నారు. అందరికీ అంటే ఎవరికండీ?

చల్లపల్లి పక్కన మా యానాది కాలనీకి రండి. మా ఇంట్లో ఒక్కటే ఫోను. నాన్న పీతల వేటకి పోతే అదీ ఆయనతోనే పోద్ది. డిగ్రీలో నేను స్నేహితుడి ఫోన్లో కోర్సు తెరిస్తే, ఓటీపీ నాన్న జేబులో మోగేది. ఆయనకి మెసేజ్ చదవడం రాదు. పక్కవాళ్ళతో చదివించి నాకు చెప్పేలోపు గడువు అయిపోయేది. క్విజ్ మధ్యలో సిగ్నల్ పోతే సున్నా. పైగా "నీకు శ్రద్ధ లేదు" అన్నారు.

శ్రద్ధ లేనిది నాకు కాదు. ఆ పేజీ కట్టినోళ్ళు నాలాంటోణ్ణి ఒక్కసారైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడలేదు.

అలా చూడటాన్నే యూజబిలిటీ టెస్టింగ్ అంటారు. విద్యార్థి చేతికి ఫోనిచ్చి, "ఈ అసైన్‌మెంట్ పంపు" అని చెప్పి, సాయం చెయ్యకుండా చూడాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ పేజీలో తప్పున్నట్టు. ఐదుగురితో చేయిస్తే దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయని జాకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. వాడేవాళ్ళు వేరువేరు రకాలైతే ప్రతి రకం నుంచీ కొందరిని పిలవాలని కూడా ఆయనే అన్నాడు. విజయవాడలో సొంత ల్యాప్‌టాప్ ఉన్న ఐదుగురిని పిలిస్తే మా ఓటీపీ గోల ఎట్టా తెలుస్తది?

ఇది చిన్న విషయం కాదు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్లో 40 శాతం దాకా కోర్సులు 'స్వయం'లో చదవొచ్చు. రేపు డిగ్రీ పాసవ్వడమే ఒక పేజీ తెరుచుకోవడం మీద ఆధారపడొచ్చు.

మేం దయ అడగట్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మన కష్టం చెప్పేటప్పుడు, క్యాప్చా బొమ్మలో అక్షరాలు కనబడని అంధ విద్యార్థి కష్టం కూడా కలిపి చెబుదాం. ఇద్దర్నీ ఆపుతున్న గోడ ఒక్కటే.

కోర్సు మొదలెట్టే ముందే యానాది, ఎరుకల పిల్లల్నీ, వికలాంగ విద్యార్థుల్నీ పిలవండి. ఆ రోజు కూలి ఇవ్వండి. ఏం తప్పులు దొరికాయో, ఏవి సరిచేశారో బయటపెట్టండి.

లబ్ధిదారుల జాబితాలో మా పేర్లు రాసుకున్నారు కదా. పరీక్షించేవాళ్ళ జాబితాలోనూ రాయండి.

జై ఆదివాసీ!