చీరమీద చలికోటు

“డిసెంబరులో అమ్మాయి పురిటికి చికాగో వెళుతున్నాను. చీర మానలేను. ఎలాంటి కోటు కొనుక్కోమంటారు?” అని ఒక సోదరి అడుగుతున్నారు.

ప్రశ్న చిన్నదే. కాని ఇలా వెళ్ళిన తల్లులు ఎందరో, సరైన కోటు లేక, నెలల తరబడి కిటికీలోంచి మంచు చూసి తిరిగివస్తున్నారు. చీరమీద కోటేమిటి, నలుగురూ నవ్వరూ అన్న సంకోచం ఒకటి. అల్లుడి చేత ఖర్చు పెట్టించడమెందుకన్న మొహమాటం ఒకటి. ఈ రెండూ చలికన్న చెడ్డవి. బాలింతకు పథ్యం వండిపెట్టే మనిషికి రోజుకు అరగంటైనా బయటిగాలి తగలవద్దూ?

ముందు ఊరు చూసుకోవాలి. జనవరిలో డాలస్ మధ్యాహ్నాలు సగటున 14 డిగ్రీలుంటాయి. మన హైదరాబాదు చలికాలపు తెల్లవారుజామన్నమాట. అక్కడికి స్వెట్టరూ, గాలి చొరనివ్వని పల్చటి కోటూ చాలు. చికాగోలో అదే నెలలో మిట్టమధ్యాహ్నం కూడా సున్నా డిగ్రీల దగ్గరే. పైగా ఈదురుగాలి.

కోటు తనంతట తాను వేడి పుట్టించదు. మన ఒంటి వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది, అంతే. పొరకూ పొరకూ మధ్య చిక్కుకున్న గాలే ఆ పని చేస్తుంది. కనుక ఒక్క బరువైన కోటునే నమ్ముకోకండి. ఒంటిని అంటి ఉండే థర్మల్ బనీను, దానిమీద ఉన్ని స్వెట్టరు, ఆపైన కోటు — ఇదీ వరస. లోపల నూలు బనీను వద్దు. చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. లంగా కింద వెచ్చటి లెగ్గింగు తొడుక్కోండి. చీర చాటున ఏముందో ఎవరికి తెలుస్తుంది?

ఇక కోటు. మనకు జాకెట్టంటే రవిక. అక్కడి దుకాణంలో జాకెట్ అడిగితే నడుము దాకా వచ్చే పొట్టి కోటు చూపిస్తారు. పాంటు వేసుకునేవారికి అది బాగానే ఉంటుంది. చీరకు మాత్రం మోకాళ్ళు దాటే పొడవు కావాలి. కుచ్చెళ్ళు నలగకుండా, మెట్లు ఎక్కడానికి వీలుగా కింద వెడల్పుండాలి, లేదా కిందినుంచి కూడా తెరుచుకునే జిప్పుండాలి. చీర, స్వెట్టరుతోనే వెళ్ళి తొడిగి చూడండి. రెండు చేతులూ పైకెత్తినప్పుడు భుజాలు పట్టేస్తే ఒక సైజు పెద్దది తీసుకోండి.

లోపల పక్షి నూగు నింపిన కోటు తేలిక, మహా వెచ్చన. కాని తడిస్తే ఆ గుణం పోతుంది, ధరా ఎక్కువే. పాలియెస్టరు దూది నింపినది కాస్త తడిసినా వెచ్చగానే ఉంటుంది. మనకది చాలు.

పమిట కోటు బయట వేలాడకూడదు. కారు తలుపులోనో, కదిలే మెట్లలోనో పడితే ప్రమాదం. మెడచుట్టూ మఫ్లరులా చుట్టి పైన కోటు బిగించండి. చీర బెత్తెడు ఎత్తి కట్టి, అడుగున గాళ్ళున్న బూట్లు తొడగండి.

రంగంటారా, నలుపో ముదురు నీలమో అయితే ఏ చీరకైనా నప్పుతుంది. సింగారమంతా శాలువకు వదిలెయ్యండి. బీరువాలో మడతపెట్టిన కాశ్మీరు శాలువ భుజాన వేసుకుంటే, పొద్దున నడకకు వెళ్ళిన కోటే సాయంత్రం గుడికీ, బారసాలకూ వస్తుంది.

ఇక్కడ కొని మోసుకు వెళ్ళకండి. సగం పెట్టె అదే తినేస్తుంది. స్వెట్టరు తీసుకువెళ్ళి, కోటు అక్కడ దిగిన వారంలోనే కొనుక్కోండి. తిరిగివచ్చేటప్పుడు ఉతికి, బాగా ఆరబెట్టి, అక్కడే వదిలి రండి. మీ తరవాత వంతు వియ్యపురాలిదే గదా! రంగు ఎంచేటప్పుడు ఆవిణ్ణి కూడా కాస్త తలుచుకోండి.