మొలలోని తుపాకి – నోటిలోని మాట

సూర్యాపేట జిల్లాలోని చిలుకూరు గ్రామమునకు తెలుగువారి చరిత్రలో నొక స్థానము గలదు. 1941వ సంవత్సరమున నిజాము రాష్ట్రాంధ్ర మహాసభయొక్క యెనిమిదవ సమావేశము రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను అచ్చట జరిగినది. ఆనాడు ఆ సంస్థానములో సభ జరుపుట సులభసాధ్యము గాదు. గస్తీ నిషాన్ 53 అను నుత్తరువు చొప్పున ముందుగనే సర్కారువారి యనుమతి పడయవలసియుండెను. నలుగురు కూడి మాటలాడుకొనుటకు అనుమతి కావలసిన ఆ రాజ్యమున, దొరవెంట నడచు తుపాకికి మాత్రము అడ్డుచెప్పువాడు లేకుండెను. మాటకు సంకెల, తుపాకికి స్వేచ్ఛ: ఈ రెండును ఒకే పాలనకు రెండు చేతులు.

ఈ పాతకథ నేడు తలచుటకు కారణము గలదు. పిస్తోలు మొలకు గట్టుకొని, నలుగురికి గనబడునట్లుగా జనసమూహములో తిరుగుట గౌరవచిహ్నమని తలచువారు మన పల్లెపట్టణములలో నున్నారు. వెంట ఆయుధధారి లేని నాయకుడు నాయకుడే కాడను భ్రమయు వ్యాపించియున్నది. పెండ్లి యూరేగింపులో గాలిలోనికి గాల్చి సంతోషము ప్రకటించు వికారము ఉత్తరదేశమున జాడ్యముగా ముదిరి, తుదకు చట్టముచేతనే నిషేధింపబడవలసి వచ్చినది. ఇట్టి ప్రదర్శనమును జూచి ప్రజలు ఏమనుకొందురు? ఏమి చేయుదురు? ఏమి చేయవలెను? ఇది పోలీసువారికి మాత్రము సంబంధించిన ప్రశ్న గాదు. గ్రామములో నోరు గల ప్రతి మనుష్యునకును సంబంధించినది.

నల్లగొండ మండలమున దేశ్‌ముఖుల యేలుబడి నెరిగిన పెద్దలకు ఆయుధ ప్రదర్శనముయొక్క రహస్యము వేరుగ జెప్పనక్కరలేదు. తుపాకి పేలినచో ఒకడు చచ్చును. కనబడినచో నూర్గురు నోరుమూసికొందురు. పేల్చుటకు గుండు ఖర్చగును, చూపుటకు ఏమియు ఖర్చు గాదు. వెట్టిచాకిరి, నాగువడ్డి, అక్రమముగ బేదఖలు చేయుట, ఇవన్నియు నిత్యము తుపాకి పేల్చుటచేత సాగలేదు. గడీ వాకిట నిలుచున్న తుపాకిని జూచి, "బాంచెను దొరా" యని రైతు తనంత తానే వంగుటచేత సాగినవి. అట్టి వంగుటను దొరవారు విధేయత యనిరి, సర్కారువారు శాంతి యనిరి. అది విధేయతయు గాదు, శాంతియు గాదు. భయమునకు ఇరువురును పెట్టుకొన్న ముద్దుపేర్లవి.

ఆ భయము శాశ్వతమనుకొన్నవారు 1946 జూలై 4వ తేదీన మేల్కొనిరి. జనగామ తాలూకా కడివెండి గ్రామములో కర్రలును వడిసెలలును బట్టి యూరేగింపుగా బోవుచున్న జనులపై విసునూరు దేశ్‌ముఖు మనుష్యులు కాల్పులు జరిపిరి. దొడ్డి కొమరయ్య నేలగూలెను. తుపాకి జూపినంతనే చెదరిపోవు జనము, తుపాకి పేలిన పిమ్మట గడీవైపునకు గదలిరి. ఏలయన, చూపుటయందున్న శక్తి బెదరింపుయొక్క సందిగ్ధములో నున్నది: పేల్చునో పేల్చడో యను జంకు. పేల్చిన యుత్తరక్షణమున ఆ సందిగ్ధము తొలగినది. మిగిలినది క్రోధము.

1947, 48 సంవత్సరములలో రజాకారులు ఇదే విద్యను వీధులకెక్కించిరి. లాతూరు వకీలు కాసిం రజ్వీ నాయకత్వమున కత్తులు, బల్లెములు, తుపాకులు ధరించి కవాతు సేయుచు గ్రామముల మీదుగా బోవుట వారి కార్యక్రమములో ముఖ్యాంగమయ్యెను. ఆ కవాతు నెవరికొరకు చేసిరి? యుద్ధమునకు బోవు సైన్యము తన బలమును దాచుకొనును. జనమును బెదరింపదలచినవాడే దానిని బజారున బరచును. దాని ఫలితముగా సరిహద్దు గ్రామములనుండి కుటుంబములు మూటముల్లెలతో కృష్ణాజిల్లాకు తరలిపోయెను. స్టేట్ కాంగ్రెసువారును ఆ సరిహద్దులలోనే శిబిరములు నెలకొల్పిరి. హైదరాబాదు నగరములో "ఇమ్రోజ్" పత్రికాసంపాదకుడు షోయబుల్లాఖాను, సంస్థానము భారతదేశమున గలియవలెనని వ్రాసిన పాపమునకు, 1948 ఆగస్టు మాసమున నడిరేయి వీధిలో హతుడయ్యెను. కలమునకు బదులు కలముతో నీయలేనివాడు ఆయుధము నెత్తును. పత్రికారచన చేయు ప్రతివాడును ఆ పేరు మరువరాదు.

సెప్టెంబరు 13 మొదలు 17 వరకు జరిగిన పోలీసుచర్యతో నిజాము దొరతనము ముగిసినది. కాని గ్రామములలో తుపాకి ముగియలేదు. కమ్యూనిస్టు దళముల సాయుధ పోరాటము 1951 అక్టోబరు వరకును సాగినది. దొరలచే అణగద్రొక్కబడిన రైతుకూలీలు తుపాకి పట్టుటకు గల హేతువులను తెలిసినవా డెవ్వడును వారిని తేలికగా నిందింపజాలడు. అయినను ఒక సత్యము చెప్పక తీరదు. రాత్రివేళ దళమునకు అన్నముపెట్టిన యింటివారు ప్రేమతో బెట్టిరా, భయముతో బెట్టిరా? పగటివేళ సైనికునకు నీళ్లిచ్చినవారు ఇష్టముతో నిచ్చిరా, జంకుతో నిచ్చిరా? అనేకులు ప్రేమతోనే పెట్టియుందురు. కాని తుపాకి యెదుట నున్నంతసేపు ప్రేమకును భయమునకును భేదము పెట్టువాడును చెప్పలేడు, తినువాడును తెలిసికొనలేడు. ఆయుధప్రదర్శనము సమాజమునకు జేయు ముఖ్యమైన హాని యిదియే. అది జనుల యిష్టానిష్టములను తెలిసికొనుటకు గల మార్గమును మూసివేయును. తుపాకి జూచి తలయూపినవాని సమ్మతి సమ్మతి గాదు. తుపాకి జూచి చప్పట్లుకొట్టినవాని మెప్పు మెప్పు గాదు. తుపాకిధారికే ఇందువలన నష్టమెక్కువ. తన్ను మెచ్చువారెవ్వరో వెఱచువారెవ్వరో ఎరుగక అతడు జీవితమంతయు చీకటిలో నడచును.

ఇచ్చట దేశాభిమానులు కొందరు ఆక్షేపింతురు: "ఆయుధములు ధరించు హక్కు జాతి గౌరవమునకు సంబంధించినది గదా! 1878వ సంవత్సరమున లిట్టను ప్రభువు కాలమున ఆయుధచట్టము చేసి మన జాతిని నిరాయుధము గావించిన ఇంగ్లీషువారిని మన పెద్దలు అరువదియేండ్లు దూషింపలేదా? గాంధీమహాత్ముడంతటివాడే 1918వ సంవత్సరమున ఖేడాజిల్లాలో సైనికులను జేర్చుకొనునపుడు ఆ చట్టమును ఇంగ్లీషు దుష్కృత్యములలో ఘోరమైనదిగా నెంచలేదా? 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానములో నియమములకు లోబడి ఆయుధములుంచుకొని ధరించు హక్కు పౌరులకు గలదని చేర్చలేదా?" ఈ మాటలన్నియు నిజములే. చిలుకూరునకు జేరువనున్న మునగాల పరగణా ఆనాడు కృష్ణాజిల్లాకు జెంది, చుట్టును నిజాము గ్రామములు గల దీవివలె నుండెను. ఎల్లకు ఈవల ఇంగ్లీషువాని చట్టము, ఆవల నిజాము హుకుము. ఇరువైపుల రైతుచేయి మాత్రము వట్టిదే. ఆ చట్టమునందలి అన్యాయము ఆయుధములను నియమించుటలో లేదు. తెల్లవానిని మినహాయించి నల్లవానిని నియమించుటలో గలదు.

మరియు, ఆయుధమును గలిగియుండుట వేరు, దానిని ప్రదర్శించుట వేరు. 1948 ఆగస్టు 27వ తేదీన రజాకారులును నిజాము పోలీసులును బైరాన్‌పల్లిపై బడినపుడు, ఊరి బురుజుపై నిలిచి పాత తుపాకులతో నెదిరించిన యువకులను తప్పుబట్టు నోరు మన దేశమున లేదు. ఊరికి కాపుగా బురుజుపై నున్న తుపాకి మీదికి వచ్చు శత్రువువైపు చూచును. సభలో మొలకు వ్రేలాడు తుపాకి పక్కన గూర్చున్న పొరుగువానివైపు చూచును. కరాచీ తీర్మానమునందలి "నియమములు" అను పదము ఈ రెంటిని వేరుచేయుటకే యున్నది.

ప్రపంచములో ఆయుధధారణమును హక్కుగా రాజ్యాంగమునందే వ్రాసికొన్న అమెరికా దేశముయొక్క యనుభవమును జూతము. మన పిల్లలు వేలకొలదిగ నివసించు టెక్సాసు రాష్ట్రములో 2016 జనవరి 1 మొదలు లైసెన్సుగలవారు పిస్తోలును ఒరలో బెట్టి బహిరంగముగ ధరింపవచ్చునని చట్టము వచ్చినది. 2021 సెప్టెంబరు నుండి పెక్కుమందికి ఆ లైసెన్సుయొక్క యవసరమును తొలగినది. చట్టము ఒప్పినది; మరి ప్రజలు ఒప్పిరా? అదే చట్టము దుకాణదారునకు తన వాకిట నిషేధఫలకము గట్టు హక్కు నిచ్చినది. పలువురు ఆ ఫలకములను గట్టిరి. అంతకు ముందే, 2013 సెప్టెంబరులో, స్టార్‌బక్స్ కాఫీశాలల యధిపతి తమ శాలలకు తుపాకులు తేవలదని ఖాతాదారులను గోరియుండెను. 2019 ఆగస్టులో ఎల్‌పాసో నగరమున వాల్‌మార్ట్ అంగడిలో జరిగిన మారణకాండ తరువాత, చట్టమొప్పిన చోటులందు సయితము బహిరంగముగ ఆయుధములు ధరించి రావలదని ఆ సంస్థ వేడుకొన్నది. ఒక వస్తువు హక్కని చట్టము చెప్పినను, పాలు కొనబోయిన తల్లి దానిని జూచి బిడ్డను దగ్గరకు లాగికొనుట మానదు. రక్షకుడెవ్వడో భక్షకుడెవ్వడో ఒరను జూచి చెప్పు విద్య ఆమె కెవ్వరు నేర్పగలరు? 2017లో కాన్సస్ రాష్ట్రమునందును, 2023లో టెక్సాసు అంగడిలోను తెలుగుబిడ్డలు తుపాకిగుండ్లకు బలియైన పిమ్మట ఈ ప్రశ్న మన యిండ్లలోనికే వచ్చినది.

ఆ దేశచరిత్రయే మరియొక గుణపాఠమును జెప్పుచున్నది. 1967 మే 2వ తేదీన కాలిఫోర్నియా శాసనసభాభవనమునకు నల్లజాతి "బ్లాక్ పాంథర్" దళమువారు తుపాకులు బహిరంగముగ ధరించి వచ్చిరి. అప్పటి చట్టము ప్రకారము గుండ్లు నింపిన తుపాకిని బహిరంగముగ ధరించుట నేరము గాదు. ఆ సంవత్సరమే గవర్నరు రీగన్ సంతకముతో అది నేరమైనది. తెల్లవాని భుజముపై నున్నంతకాలము హక్కుగా గనబడిన తుపాకి, నల్లవాని భుజముపైకి మారగనే యపాయముగా గనబడినది. మనకిది క్రొత్తయా? దొరచేతి తుపాకిని మర్యాదయని మ్రొక్కిన సర్కారు కూలివాని చేతి వడిసెలను తిరుగుబాటని పిలువలేదా? కావున ఆయుధము ఎవరి చేతనున్నదని యడిగి భయమునో గౌరవమునో నిర్ణయించుట న్యాయము గాదు. నియమము అందరికి నొక్కటియే కావలెను.

ఇంకొక యాక్షేపము మిగిలినది. "దాచినవాడే దుర్మార్గుడు, చూపువాడు నిష్కపటి. 2015 ఏప్రిల్ మొదటివారమున సూర్యాపేట బస్సుస్టాండులో పోలీసువారిని గాల్చి చంపిన ముష్కరులు తుపాకులను దాచుకొనియే వచ్చిరి గదా!" అందురు. నిజమే. దాచిన తుపాకి ప్రాణాపాయకరము. దానిని వెదకి పట్టుట పోలీసుల పని. ఆ పనిలోనే ఆ రాత్రి ఇరువురు ప్రాణములిచ్చిరి. కాని హంతకునికి తావీయని చట్టము బెదరించువానికి తావీయవలెనని ఏ న్యాయశాస్త్రము చెప్పుచున్నది? ఒకడు ప్రాణమును దీయును, మరియొకడు మాటను దీయును. మొదటివాడు నేరస్థుడుగా బారిపోవును. రెండవవాడు పెద్దమనిషిగా వేదికమీద గూర్చుండును.

మన చట్టములయందు లోపము పెద్దగా లేదు. 1959 ఆయుధచట్టము లైసెన్సును విధించుచున్నది. 2016 నియమావళి ప్రకారము బహిరంగస్థలములలో ఆయుధమును ఒరలో నుంచి కప్పియే తీసికొనిపోవలెను, ఝళిపించుట నిషిద్ధము. 2019 సవరణ ఒక్కొక్కడు ఉంచుకొనదగు తుపాకుల సంఖ్యను మూడునుండి రెండునకు దగ్గించినది. సంబరములలో అజాగ్రత్తగా గాల్చి ప్రాణములకు అపాయము దెచ్చువానికి రెండేండ్లవరకు ఖైదు గాని, లక్షరూపాయలవరకు జుల్మానా గాని, రెండును గాని విధించుచున్నది. అన్నిటికంటె గమనింపదగిన దొకటి గలదు. ఎన్నికలు వచ్చినంతనే లైసెన్సు తుపాకులను పరిశీలించి ఠాణాలలో నప్పగింపజేయు నాచారము మన దేశమున నున్నది. ఇందలి యర్థమేమి? తుపాకి తిరుగుచున్నచోట వోటు స్వేచ్ఛగా బడదని రాజ్యమే యొప్పుకొన్నది. వోటునకు నిజమైనది మాటకు నిజము గాదా? అయిదేండ్ల కొకసారి కొన్ని వారములు మాత్రమే ప్రజలు స్వేచ్ఛగా నుండవలెనా? గ్రామసభలో చెరువుతూముగూర్చి, రేషనుకార్డుగూర్చి, భూమి పట్టాగూర్చి నోరువిప్పు రైతు వోటరు గాడా?

కావున ప్రభుత్వమును మేము కోరునది స్వల్పము. గ్రామసభ, మండలసభ, సహకారసంఘ సమావేశము జరుగు ఆవరణలోనికి, విధినిర్వహణలోనున్న పోలీసు దక్క, ఎవ్వడును ఆయుధముతో ప్రవేశింపరాదను నియమమును సంవత్సరము పొడుగునను అమలుజరుపవలెను. ప్రభుత్వ వ్యయముతో అంగరక్షకుల నొసగబడిన వ్యక్తుల విషయమున, నిజమైన ప్రాణభయమున్నదా లేక పటాటోపమునకా యని నిర్ణీతకాలమున కొకసారి విచారించి, పటాటోపమైనచో ఉపసంహరింపవలెను. నియమము చదువుటకు గాదు, నడుపుటకు.

ప్రజలను కోరునది ఇంకను స్వల్పము, కాని కష్టము. తుపాకిని జూచి వంగవలదు, ఉరుకవలదు, మెచ్చవలదు. పెండ్లిపందిటిలో పిస్తోలు దీసినవానితో ఫొటోకు నిలువవలదు. ఊరిపెద్ద మొలలో నొర వ్రేలాడినచో, "అయ్యా, దానిని ఇంటివద్ద బెట్టి రండు, పిమ్మట మాటలాడుకొందము" అని చెప్పు పెద్దరికము ప్రతి గ్రామమున నొక్కనికైన నుండవలెను. 1941లో సర్కారు కన్నెఱ్ఱలోనే చిలుకూరున సభ తీర్చిన రైతులకు ఇంతకంటె కష్టమైన పని సాధ్యమయ్యెను. వారి మనుమలకు ఇది యసాధ్యమని మేము నమ్మము.