బీదర్ కోట పూలకు ఆరొందల ఏళ్లని ఎవరు చెప్పారు?

కొంచెం పొడుగు పోస్టు. ఓపిక ఉన్నవాళ్లు చివరిదాకా చదవండి. కోపం వచ్చినవాళ్లు కింద కామెంట్లలో తిట్టండి, పడతాను.

ఉగాదికి మన సంఘం తరఫున ఫోటోల పోటీ పెడదామని గ్రూపులో మాట నడుస్తోంది. విషయం: బీదర్ కోటలోని తోట, పూలు. ఆలోచన మంచిదే. కానీ ఇప్పటికే గ్రూపులో పడుతున్న ఫోటోలు చూస్తుంటే, పోటీ ఇదే తీరుగా నడిస్తే తోటకు మేలు కన్నా కీడే ఎక్కువ అనిపిస్తోంది. ఎందుకో చెబుతాను.

ఒకాయన కాగితప్పూల ఫోటో పెట్టి "ఆరొందల ఏళ్ల బహమనీల తోటలో పూలు" అని రాశాడు. అందరం చప్పట్లు కొట్టాం. బహమనీ సుల్తాన్ అహ్మద్ షా రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చింది పదిహేనో శతాబ్దం తొలి సగంలో. కొలంబస్ అమెరికా దారి పట్టింది 1492లో. కాగితప్పూలు దక్షిణ అమెరికావి. దేవగన్నేరు అమెరికా ఖండానిదే. పండగకు గుమ్మానికి కట్టే బంతి కూడా మెక్సికో వైపు నుంచి వచ్చిందే. వీటిలో ఒక్క పువ్వునైనా అహ్మద్ షా చూసే వీలే లేదు. ఎండాకాలం ఎర్రగా పూసే గుల్‌మొహర్, సమాధుల దగ్గర కనిపించే బిళ్ళగన్నేరు మడగాస్కర్‌వి.

తోట పాతది కాదని నేను అనడం లేదు. పదహారు స్తంభాల మసీదు ముందున్న లాల్‌బాగ్ పాతదే. కానీ తోట పాతదైనంత మాత్రాన అందులో మొక్క పాతది కాదు. రాతిగోడ శతాబ్దాలు నిలుస్తుంది. మడిలో మొక్క కాంట్రాక్టు మారితే మారిపోతుంది. పచ్చిక పరిచి, నర్సరీ నుంచి కుండీలు తెచ్చి పెట్టి "సుందరీకరణ" అంటారు. అంతకు ముందు అక్కడ ఏ చెట్టు ఉండేదని రేపు మన పిల్లలు అడిగితే ఏం చూపిస్తాం? చెల్లెమ్మ పెళ్లికి ముందు తీయించుకున్న ఫోటోలా? వాటిలో చెట్టు ఉంటుంది గానీ మసకగా ఉంటుంది. తేదీ ఉండదు, పేరు ఉండదు.

నిజాం రాజ్యంలో పురావస్తు శాఖకు పెద్దగా ఉన్న గులాం యజ్దానీ బీదర్ కట్టడాల మీద 1947లో పెద్ద పుస్తకం వేశారు, ఫోటోలతో సహా. ఫలానా కమాను అప్పుడెలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని ఈరోజు పోల్చి చూడగలుగుతున్నామంటే ఆ శ్రద్ధ వల్లే. రాయికి ఆయన చేసిన పని చెట్టుకు మనం చేయలేమా? అందరి జేబులో కెమెరా ఉంది కదా!

ఇంకో మాట. అందంగా లేని మొక్కను కూడా ఫోటో తీయాలి. గోడ పగుల్లో మొలిచిన చిన్న రావి మొక్కను ఎవరూ పట్టించుకోరు. దాని వేరు లావైతే రాయిని చీలుస్తుంది. ఏటా అదే చోట నిలబడి తీసిన నాలుగు ఫోటోలు అధికారుల ముందు పెడితే, నలభై అర్జీలు చేయని పని అవి చేస్తాయి. గులాబీ ఫోటోకు ఆ బలం లేదు.

"పువ్వు అందంగా ఉంది, తీశాం, దానికింత రాద్ధాంతమా?" అంటారు. తీయండి, ఆనందించండి. 2018లో పురావస్తు శాఖ కొన్ని చోట్లు మినహా రక్షిత కట్టడాల్లో ఫోటోలకు అనుమతిచ్చింది. మంచిదే అయింది. కానీ ఫ్రేములో బాగా పడాలని కొమ్మ వంచడం, పువ్వు తెంపి రాతి మీద పెట్టి తీయడం, మడిలోకి చెప్పులతో దిగడం ఆనందం కాదు, దౌర్జన్యం. మన ఇంట్లో మల్లెపందిరిని ఎవరైనా అలా తొక్కితే ఊరుకుంటామా?

"పేర్లు మాకు తెలియవు, మేం వృక్షశాస్త్రం చదవలేదు" అనే సాకు కూడా వద్దు. మన మంగళగి వైపు ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది. మనం తంగేడు అంటే కన్నడంలో తంగడి అంటారు, మరాఠీలో తర్వడ్ అంటారు. మన జిల్లేడే కన్నడంలో ఎక్క, మరాఠీలో రుయి. సరిహద్దులో బతికేవాళ్లకు ఒక్క మొక్కకు మూడు పేర్లు ఉచితంగా దొరుకుతాయి. ఆ పేర్లు తెలిసిన తరం వెళ్లిపోతోంది. ఇది ఏ యాప్ తెచ్చివ్వలేని సంపద.

కాబట్టి సంఘం పెద్దలకు నా డిమాండు సూటిగా చెబుతున్నాను. మొక్క పేరు, తీసిన చోటు, తేదీ లేని ఫోటోను పోటీకి తీసుకోవద్దు. పేరు కనీసం రెండు భాషల్లో ఉండాలి. తెంపిన పువ్వు ఫోటోను పక్కన పెట్టండి. మొదటి బహుమతి అందమైన ఫోటోకు కాదు, ఒకే చెట్టును వేర్వేరు కాలాల్లో తీసినవాళ్లకు ఇవ్వండి. అందుకోసం పోటీని ఈ ఉగాది నుంచి వచ్చే ఉగాదికి జరిపినా నష్టం లేదు. ఫోటోలన్నీ ఒక ఆల్బం చేసి కోట మ్యూజియం వాళ్లకు ఇద్దాం.

ఇవేవీ కుదరవంటే, పోటీకి "పూల ముందు మన ముఖాలు" అని పేరు పెట్టండి. కనీసం అబద్ధం ఉండదు.