నీడపట్టు పని

మన యిండ్లలో ఆడుపిల్ల యేదైన పనిలో చేరెదనన్నచో పెద్దలు మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: "నీడపట్టున కూర్చుండి చేయు పనియేనా?" అవునన్నచో వారి మనసు కుదుటపడును. అపాయమనగా గనులలోను, యంత్రముల చక్రములలోను, ఎత్తైన గోడలమీదను మాత్రమే యుండునని మన నమ్మకము. సోదరీమణులారా, ఆ నమ్మకమును ఒకసారి పరీక్షించి చూడవలెనని మా మనవి.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, ఆరెంజ్ పట్టణమందు 1917లో ఒక కర్మాగారము వెలసినది. గడియారపు అంకెలు చీకటిలో వెలుగుటకై వానికి రేడియము కలిసిన రంగు పూయుట అచ్చటి పని. బల్లయొద్ద కూర్చుండి సన్నని కుంచెతో చేయు పని, జీతమును మంచిదే. యువతులు ఉత్సాహముతో చేరిరి. సూదిలో నెక్కించుటకు మనము దారపుకొనను పెదవులతో తడిపి సన్నము చేయునట్లు, వారు కుంచెను పెదవులతో మొన చేయుచుండిరి. అట్లు చేయుడని నేర్పినది పై యధికారులే. హాని లేదని చెప్పినదియు వారే. ఆ సంస్థలోని రసాయన శాస్త్రజ్ఞులు మాత్రము రేడియమును పట్టుకారులతో పట్టి, సీసపు తెరల చాటున పని చేయుచుండిరి.

కొన్ని యేండ్లకు ఆ యువతుల పండ్లు ఊడినవి. దవడ యెముకలు శిథిలమైనవి. రేడియము సున్నపు ధాతువువలె ఎముకలలో చేరి, లోనుండియే వానిని పాడుచేయును. 1922లో మరణించిన యొక యువతి మరణపత్రమున శీలమునకు మచ్చ తెచ్చు వ్యాధి పేరు వ్రాసిరి. 1927లో ఆమె శల్యములను వెలికితీసి పరీక్షింపగా నిజము బయల్పడినది. ఆ యేడే గ్రేస్ ఫ్రైయర్ అను నామె మరి నలుగురితో కలిసి వ్యాజ్యము వేసెను. 1928లో రాజీ కుదిరి, ఒక్కొక్కరికి 10,000 డాలర్లును, ఏటేట 600 డాలర్లును, వైద్యవ్యయమును ఇచ్చుటకు సంస్థ ఒప్పుకొనెను. పోయిన ఆరోగ్యము మాత్రము తిరిగి రాలేదు.

ఇందు అజాగ్రత్త యెవరిది? చెప్పినట్లు చేసిన బాలికలదా? "జాగ్రత్తగా నుండుము" అను హితవు, దేనినుండి జాగ్రత్తపడవలెనో తెలిసినవారికే పనికివచ్చును.

ఈ కథ దూరదేశపుదని తలపకుడు. నేడు తెలంగాణమున ఎందరో స్త్రీలు ఇంటిపట్టుననే బీడీలు చుట్టుచున్నారు. అదియు నీడపట్టు పనియే. పొగాకు ధూళి మాత్రము వారి ఊపిరితోను, ప్రక్కనున్న చంటిబిడ్డ ఊపిరితోను లోనికి పోవుచున్నది. కట్టెలపొయ్యి యెదుట గడపు పూటలను మనము పనియని లెక్కింపనే లెక్కింపము. ఆ పొగ మాత్రము ఊపిరితిత్తులను విడువదు.

కావున, ఇకమీదట నీడను గూర్చి అడిగిన పిదప మరి రెండు ప్రశ్నలు అడుగుదము. ఆ పనిలో చేతికంటునదేమి, ఊపిరితో లోనికి పోవునదేమి? ఆ వస్తువును పై యధికారులు తాము ఎట్లు ముట్టుకొనుచున్నారు? వీనికి సరియైన సమాధానము దొరకువరకు సరేయని అనకుడు.