పది నిమిషాల కాలంలో కనిపెట్టుకోవడం

ఆదివారం ఆరాధన చివర మేము చేతులెత్తి ఆశీర్వాదం పలికేటప్పుడు అందరి తలలూ వంగి ఉంటాయి. చాలాకాలం అదంతా భక్తే అనుకున్నాం. ఒకరోజు కళ్లు తెరిచి చూస్తే వంగిన తలల్లో కొన్నింటి కింద చిన్న వెలుగు కనిపించింది. బిర్యానీ ఆర్డర్ పెడుతున్నారు! ‘ఆమేన్’ అన్నాక పెడితే ఇంటికి చేరేసరికి రాదట. ఆశీర్వాదంలో పెడితే తామూ బిర్యానీ ఒకేసారి గుమ్మం దగ్గర కలుసుకుంటారట. ఈ లెక్క మాకు విడమరిచి చెప్పినవాడు మా గాయక బృందంలో గిటారు వాయించే యువకుడు. మంచి పిల్లవాడు కాబట్టే దాచకుండా చెప్పాడు.

మేము సేవ చేస్తున్న సంఘం హైదరాబాద్‌కు పడమటి వైపు ఉంది. ఆదివారం వచ్చేవారిలో సగం మంది ముప్ఫై ఏళ్లలోపువారు. గుంటూరు, ఒంగోలు, ఖమ్మం, రాజమండ్రి ప్రాంతాల నుంచి చదువుకో ఉద్యోగానికో వచ్చి హాస్టళ్లలో ఉంటున్నవారు. వీరి భాష నేర్చుకోవడానికి మాకు కొన్నేళ్లు పట్టింది. ‘దారిలో ఉన్నానండీ’ అంటే ఇంకా మంచం దిగలేదని అర్థం. ‘చూస్తానండీ’ అంటే రానని అర్థం. ‘ప్రార్థన చేస్తానండీ’ అంటే చేతులు జోడించిన బొమ్మ ఒకటి ఫోన్‌కు వస్తుందని అర్థం. ఒకప్పుడు బైబిలు తెరవమంటే పేజీల చప్పుడు వినిపించేది. ఇప్పుడు అంతా నిశ్శబ్దం. తనకు కొదువ లేదని దావీదు చెబుతున్న చోటే, 23వ కీర్తన మీదికి పాదరక్షల సగం ధర ప్రకటన వచ్చి వాలుతుంది.

మా ప్రసంగాలు యూట్యూబ్‌లో పెట్టడం మొదలయ్యాక ఒక అమ్మాయి ఎంతో సంతోషంగా, ‘అయ్యగారూ! మీ ప్రసంగం ఒకటిన్నర స్పీడ్‌లో పెట్టుకుని వింటే ఎంత బాగుంటుందో’ అంది. వందనాలు చెప్పాం. సెమినరీలో మాకు ప్రసంగం చేయడం నేర్పిన గురువుగారు ఈ మాట వినకుండానే ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు, అంతే చాలు.

కానుకల సంగతి మరీ విచిత్రం. 2016లో యూపీఐ వచ్చింది. కొన్నేళ్లకు టీ కొట్టు దాటి మందిరం గుమ్మం కూడా ఎక్కింది. మా కోశాధికారిగారు ఉత్సాహపడి స్కాన్ చేసే కాగితంతోపాటు, డబ్బు పడగానే గట్టిగా చెప్పే పెట్టెను కూడా తెచ్చి పెట్టారు. మొదటి ఆదివారమే కానుకల పాట మధ్యలో అది ‘పది రూపాయలు అందాయి’ అని సంఘమంతటికీ సాక్ష్యం చెప్పింది. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెబితే, మేము వెనక వరుస దాకా వినిపించాం. బీద విధవరాలి రెండు కాసుల్ని ఆ పెట్టె ఎలా చదివేదో అనుకుంటూ ఆ సాయంత్రమే దాని నోరు నొక్కేశాం.

ఇవన్నీ నవ్వుకోదగ్గ సంగతులే. కానీ ప్రసంగ వేదిక ఎక్కేసరికి మా నవ్వు కోపంగా మారేది. ‘ఈ తరానికి ఓపిక లేదు, కనిపెట్టడం చేతకాదు’ అని ఎన్నోసార్లు గద్దించాం. తెలుగు బైబిలులో కనిపెట్టడమంటే ఎదురుచూడడం. దేవుని కొరకు కనిపెట్టుకొని ఉండమని కీర్తనలు మనల్ని హెచ్చరిస్తాయి. మన పిల్లలు కనిపెట్టేది మాత్రం ఫోన్‌లోని పటం మీద స్కూటరు బొమ్మ ఏ మలుపు దగ్గర ఆగిందా అని! 2021 నుంచి మన నగరాల్లో కొత్తిమీర కట్టను పది నిమిషాల్లో గుమ్మం ముందు పెడతామనే పోటీ మొదలైంది. పదకొండో నిమిషం వస్తే నిట్టూర్పు. ఇలాంటివారు ప్రభువు రాకడ కోసం ఎలా కనిపెడతారు? ఇదీ మా ప్రసంగం. పెద్దలంతా తలలూపేవారు.

ఆ ప్రసంగమే ఒక ఆదివారం మమ్మల్ని దోషుల్ని చేసింది.

వెనక వరుసలో, తలుపు పక్కన ఒక యువకుడు ఎప్పుడూ నిలబడే ఉండేవాడు. పల్నాడు పిల్లవాడు. డిగ్రీ చదివి, పోటీ పరీక్షలకు సిద్ధపడుతూ, ఖర్చుల కోసం డెలివరీ పని చేస్తున్నాడు. ఆ సంగతి మాకు అప్పటికి తెలియదు. తెలుసుకోలేదు అనడమే నిజం. ప్రసంగం మధ్యలో అతని ఫోన్ గట్టిగా మోగింది. మేము ఆగి, ‘దేవుని సన్నిధిలో కూడా ఆ ఫోన్ వదలలేవా నాయనా?’ అన్నాం. సంఘం నవ్వింది. అతను తల వంచుకుని బయటికి వెళ్లాడు. మరుసటి ఆదివారం రాలేదు, ఆ పైవారమూ రాలేదు. నిజం చెప్పాలంటే, ఆ సంగతి మేము గమనించలేదు కూడా.

రెండు నెలల తర్వాత, వానలో తడిసిన ఒక ఆదివారం సాయంత్రం. మా ఇంటికి అనుకోకుండా అతిథులు వచ్చారు. పెరుగు లేదు, కొత్తిమీర లేదు. వీధి చివర కొట్టుకు వెళ్దామంటే వాన. మా అమ్మాయి ఫోన్ తీసి ఆర్డర్ పెట్టింది. మేము వద్దనలేదు. పైగా, ‘ఇంకా ఎంతసేపమ్మా’ అని రెండుసార్లు అడిగాం. బెల్లు మోగింది, తలుపు తీశాం. తల మీంచి నీళ్లు కారుతూ, కంపెనీ టీషర్టులో ఆ యువకుడు నిలబడి ఉన్నాడు. ‘వందనాలు అయ్యగారూ’ అన్నాడు.

ఆ క్షణంలో మాకు మాట రాలేదు. మా శ్రీమతి తువ్వాలు తెచ్చి ఇచ్చి, టీ తాగి వెళ్లమంది. ‘టైం లేదమ్మగారూ, ఇంకో ఆర్డర్ ఉంది’ అంటూనే నిలబడి నాలుగు గుటకలు తాగాడు. మందిరానికి ఎందుకు రావడం లేదని అడిగాం. ‘ఆదివారం ఆర్డర్లు ఎక్కువండీ. లాగౌట్ అయితే ఆ రోజు ఇన్సెంటివ్ పోతుంది. లాగౌట్ అవకుండా వస్తే ఫోన్ మోగుతుంది. మోగితే మీకు ఇబ్బంది కదండీ’ అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. మా ఇబ్బంది గురించే ఆలోచించాడు. కోపగించుకుని ఉంటే మాకు అంత నొప్పి కలిగేది కాదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా ప్రసంగం ఒక్క ఫోన్‌నే చూసింది. మందిరంలో రెండు రకాల ఫోన్లు ఉన్నాయని చూడలేదు. ఒకటి ఆర్డర్ చేసే ఫోన్, ఇంకొకటి ఆర్డర్‌కు లోబడే ఫోన్. ఆశీర్వాదం కింద రహస్యంగా వెలిగినదాన్ని మేము నవ్వుతూ క్షమించాం. పొట్టకూటి కోసం పైకి మోగినదాన్ని అందరి ముందు గద్దించాం. ఇదేం న్యాయం?

నీతి ఆయోగ్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2020-21లో మన దేశంలో ఇలాంటి గిగ్ పనివారు 77 లక్షల మంది. 2029-30 నాటికి 2.35 కోట్లవుతారని అంచనా. ప్రియులారా, వీరు ఎవరి బిడ్డలో కాదు. ఏ సండే స్కూల్లోనో వాక్యం కంఠతా పెట్టినవారు, ఏ పల్లె మందిరంలోనో డప్పు వాయించినవారు వీరిలో ఎందరో ఉన్నారు. 2025 డిసెంబరు 25న, అంటే సరిగ్గా క్రిస్మస్ రోజున, మళ్లీ 31న డెలివరీ కార్మికుల సంఘాలు సమ్మెకు పిలుపునిచ్చాయి. పది నిమిషాల డెలివరీ ఎత్తివేయాలన్నది వారి కోరికల్లో ఒకటి. 2026 జనవరిలో కేంద్ర ప్రభుత్వం చెప్పాక కొన్ని ప్రకటనల్లోంచి ఆ పది నిమిషాల మాట తీసేశారు. ప్రకటనలో మాట చెరిగింది సరే, మన మనసులోని గడియారం సంగతేమిటి?

సబ్బాతు ఆజ్ఞను మనం సగమే చదువుతాం. ‘నేను పని మానాను, మందిరానికి వెళ్లాను’ అని తృప్తిపడతాం. కానీ ఆ ఆజ్ఞలో దాసుడు ఉన్నాడు, దాసి ఉంది, ఎద్దు, గాడిద ఉన్నాయి, ఊరి గుమ్మాల్లో ఉండే పరదేశి ఉన్నాడు (నిర్గమ 20:10, ద్వితీ 5:14). నీవు విశ్రమించడమే కాదు, నీ వల్ల ఇంకొకరి విశ్రాంతి పోకూడదన్నది దేవుని ఉద్దేశం. నీవూ ఐగుప్తులో దాసుడివే, గుర్తుంచుకో అని ద్వితీయోపదేశకాండం కారణం కూడా చెబుతుంది. గడ్డి ఇవ్వకుండా ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్న ఫరో అధికారులు నేడు కొరడా పట్టుకుని రారు, టార్గెట్ రూపంలో తెరమీద కనిపిస్తారు. ఏసీ గదిలో ల్యాప్‌టాప్ ముందు అర్ధరాత్రి దాకా కూర్చునే మన సాఫ్ట్‌వేర్ బిడ్డకూ అదే లెక్క, వానలో స్కూటరు మీద ఉన్న బిడ్డకూ అదే లెక్క. ఒకరికి ఫరో ఇచ్చిన తొందరను ఇంకొకరు మోస్తున్నారు.

మా దోషానికి మందు మాకు కొరింథీ పత్రికలో దొరికింది. ఆ సంఘం ప్రభువు బల్ల దగ్గర చేసిన తప్పును పౌలు 1 కొరింథీ 11వ అధ్యాయంలో ఎత్తి చూపాడు. అప్పటికి ఆదివారం సెలవు లేదు. రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఆదివారాన్ని విశ్రాంతి దినంగా ప్రకటించింది క్రీ.శ. 321లో. అంతకు మునుపు ఆదివారమంటే పనిరోజే. తీరిక ఉన్న ధనవంతులు ముందుగా వచ్చి తినేసేవారనీ, దాసులూ కూలీలూ పని వదిలాక వచ్చేసరికి ఖాళీ గిన్నెలు మిగిలేవనీ చాలామంది పండితులు వివరిస్తారు. ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తుగా ఉన్నాడని పౌలే రాశాడు. అంత కోపంలోనూ ఆయన ఆలస్యంగా వచ్చినవారిని ఒక్క మాట అనలేదు. ముందే తిన్నవారిని గద్దించాడు. చివరికి చెప్పిన పరిష్కారం కూడా చిన్నదే: భోజనానికి కూడినప్పుడు ఒకరి కోసం మరొకరు కనిపెట్టుకోండి (11:33).

కీర్తనల్లో దేవుని కోసం వాడిన కనిపెట్టడమన్న మాటనే మన తెలుగు బైబిలు ఇక్కడ ఆలస్యంగా వచ్చే కూలివాడి కోసం వాడింది. గ్రీకు మూలంలోని మాటకు ఎదురుచూడడమనీ, చేర్చుకోవడమనీ రెండర్థాలూ ఉన్నాయి. సెమినరీలో ఈ మాట మీద మేము పరీక్ష రాశాం, మార్కులు కూడా బాగానే వచ్చాయి. దాని అర్థం మాత్రం తడిసిన టీషర్టు గుమ్మంలో నిలబడ్డాకే తెలిసింది. తోటివాడి కోసం కనిపెట్టలేనివాడు ప్రభువు కోసం కనిపెడుతున్నానంటే ఎలా నమ్మడం?

త్రోయలో ఐతుకు అనే యువకుడి సంగతి కూడా గుర్తొచ్చింది (అపొ. కార్య. 20). పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే అతను కిటికీలో నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. పౌలు, ‘నా ప్రసంగంలోనే నిద్రా?’ అనలేదు. మెట్లు దిగి వెళ్లి ఆ పిల్లవాణ్ని కౌగిలించుకున్నాడు. మేము వేదిక మీదే ఉండి గద్దించాం, ఆయన కిందికి దిగాడు.

తర్వాతి ఆదివారం సంఘం ముందు మా తప్పు ఒప్పుకున్నాం. పెద్దల కమిటీలో ఈ విషయం పెట్టాం. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా ఆర్డర్లు తక్కువని ఆ అబ్బాయే చెప్పాడు. అందుకని మంగళవారం ఆ రెండు గంటలూ మందిరం తలుపులు తెరుద్దామన్నాం. చాపలు, మంచినీళ్లు, టీ, మరుగుదొడ్డి, ఫోన్ చార్జింగ్, ఇష్టమైనవారికి పావుగంట వాక్యం, ప్రార్థన. ఒక పెద్దాయన కరెంటు బిల్లు ఎంతవుతుందని అడిగారు. ఇంకొకరు చెప్పుల దొంగల గురించి భయపడ్డారు. గంట చర్చ తర్వాత ‘సరే, చూద్దాం’ అన్నారు. మొదటి వారం వచ్చినవారు ముగ్గురు. ఇద్దరు కూర్చున్నచోటే నిద్రపోయారు. మేము లేపలేదు. మా ప్రసంగానికి అంత నిశ్శబ్దంగా సహకరించిన సంఘం అదే మొదలు.

మేము ఎవరినీ ఆర్డర్ పెట్టవద్దనడం లేదు. అది మానేస్తే ఆ బిడ్డల పొట్టే కొట్టినట్టవుతుంది. కానీ ఆశీర్వాదం ముగిసేదాకా ఆగలేమా? వానలో పది నిమిషాలు ఆలస్యమైతే చుక్కలు తగ్గించకుండా ఉండలేమా? తలుపు తీసినప్పుడు సంచీ వైపు కాక ముఖం వైపు చూసి, మంచినీళ్లు కావాలా బాబూ అని అడగలేమా? ‘మా ఫ్లాట్‌లో డెలివరీవాళ్లు లిఫ్ట్ ఎక్కకూడదు’ అనే అసోసియేషన్‌లో సభ్యుడైన విశ్వాసి అక్కడ నోరు తెరిచి ఒక్క మాట అనలేడా? ఈ నాలుగూ చేయకుండా యువతకు ఓపిక లేదని ప్రసంగించే హక్కు మనకు లేదు.

గడచిన నెల మొదటి ఆదివారం సంస్కారపు ఆరాధనకు ఆ అబ్బాయి వచ్చాడు. తలుపు పక్కనే నిలబడ్డాడు. రొట్టె పంచుతుండగా ఫోన్ మోగింది. ఎవరూ వెనక్కి తిరగలేదు. అతను మావైపు ఒకసారి చూసి బయటికి వెళ్లాడు. కరెంటు బిల్లు గురించి అడిగిన పెద్దాయన చేతిలోనే రొట్టె పళ్లెం ఉంది. అందరికీ అయిపోయింది, ఇక బల్ల మీద పెట్టి గుడ్డ కప్పాలి. ఆయన కప్పలేదు. పళ్లెం పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. సంఘం ఒక పాట పాడింది, ఇంకో పాట కూడా పాడింది. బిర్యానీలు ఆలస్యమయ్యాయి.

ఇరవై రెండు నిమిషాల తర్వాత స్కూటరు ఆగిన చప్పుడు వినిపించింది.