మన పనుల చిట్టా మన యింటనే యుండవలెను

మన తాతలు అంగడి మూసిన పిమ్మట ఎంత ప్రొద్దుపోయినను చిట్టా వ్రాయక నిద్రించెడివారు కారు. వ్రాసిన చిట్టాను పరుల యింట దాచెడివారును కారు. బెళ్ళందూరు చెఱువు క్రింద వరి పండిన కాలమునుండి ఇచట నివసించుచున్న మనము నేడు చేయవలసిన పనుల జాబితాను ఎచట నున్నదో యెఱుగని యంత్రమున కప్పగించి నిశ్చింతగా నుండుట తగునా యని విచారింపవలసియున్నది.

ఇందులకు ప్రేరణము మా తప్పిదమే. గత సంవత్సరము మన సంఘము పనుల జాబితా యంతయు ఒక కార్యకర్త సొంత ఖాతాలో నుండెను. ఆయన ఉద్యోగరీత్యా విదేశమునకు వెడలెను, ఫోను మాఱెను, ఆ ఖాతా తెఱచుట యెవరికిని సాధ్యము కాలేదు. పిల్లలకు తెలుగు బోధన కొఱకు తల్లిదండ్రుల సంతకములతో నీయవలసిన విన్నపము గడువు ఆ జాబితాలోనే యుండెను. గడువు దాటిన పిదప గాని మాకు జ్ఞప్తికి రాలేదు. భాషాల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగమునందు 1956లో చేరిన 350ఎ అధికరణము చెప్పుచున్నది. అయినను అడుగవలసిన దినమున అడుగుట మన పనియే గదా!

ఖాతా చేజాఱకున్నను, పరాధీనత పరాధీనతయే. వండర్‌లిస్ట్ అను పనుల జాబితా అనువర్తనమును లక్షలాది జనులు వాడుచుండిరి. 2015లో మైక్రోసాఫ్ట్ దానిని కొని, 2020 మే 6వ తేదీన మూసివేసెను. జాబితాలను తమ వేఱొక అనువర్తనమునకు మార్చుకొను అవకాశము నిచ్చిన మాట నిజమే. కాని మూయుటయా, నడుపుటయా యను నిర్ణయము వాడుకొనువారి చేతిలో లేదు.

కావున సంఘము గదిలో మూలనున్న పాత డెస్క్‌టాప్ కంప్యూటరును తుడిచి, వికుంజా యను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును అందు నెలకొల్పితిమి. దీనికి వెల లేదు. మూలసంకేతము ఎల్లరును చూడవచ్చును. మెట్రిక్యులేషను వఱకే చదివిన మాకు ఒక యువకుడు ప్రక్కన కూర్చుండి నేర్పెను. డాకర్ అను సాధనమును స్థాపించి, దాని ద్వారా వికుంజాను తెచ్చి, బ్రౌజరులో 3456 పోర్టు తెఱచినంత జాబితా ప్రత్యక్షమయ్యెను. పనులు తెలుగులోనే వ్రాయుచున్నాము. ఏ పని ఎవరిది, గడువు ఏనాడు, ఏది నెలనెలా తిరిగి రావలెను అనునవి యన్నియు అందు గుర్తింపవచ్చును. గదిలోని వైఫైకి చేరిన సభ్యుల ఫోనులలో సైతము అది కనబడును. కంప్యూటరు చిరునామా మాఱకుండ రౌటరులో స్థిరపఱచుట మాత్రము అవసరము.

మొదటి వారమే ఒక పాఠము నేర్చితిమి. సమాచారమును డాకర్ పెట్టెకు వెలుపలి ఫోల్డరులో భద్రపఱుపక, ఆ పెట్టెను తొలగించి క్రొత్తది పెట్టితిమి. వ్రాసిన పనులన్నియు పెట్టెతోపాటు పోయినవి. ఫోల్డరును వెలుపల నుంచినచో ఈ నష్టము రాదు.

“పెద్ద సంస్థల యంత్రశాలలకంటె మీ గది భద్రమా?” యని కొందఱు మిత్రులు ప్రశ్నించిరి. ప్రశ్న న్యాయమైనదే. 2022 సెప్టెంబరు వానలకు బెళ్ళందూరు పరిసరములు నీట మునిగిన సంగతి మనము మఱచితిమా? ఇల్లు మనదైనప్పుడు కావలియు మనదే. అందుచేత కంప్యూటరును మేడమీది గదికి మార్చితిమి. ప్రతి శనివారము అనువర్తనమును ఆపి, సమాచారమున్న ఫోల్డరును పెన్‌డ్రైవులోనికి నకలు తీసి వేఱొక సభ్యుని యింట ఉంచుచున్నాము. క్రొత్త ఖాతాల నమోదును మూసివేసితిమి. బయటి ఇంటర్నెట్టునుండి ప్రవేశము నీయలేదు. సంకేతపదము ఇరువురికి తెలియును. మూడవ ప్రతి మూసిన కవరులో కోశాధికారి పెట్టెలో నున్నది. ఇంతపాటి శ్రమకు ఓర్వలేనివారు ఈ మార్గము త్రొక్కకుండుటయే మేలు.

వెలుపలి వలయ రహదారి పొడవున నున్న కార్యాలయములలో మన యువకులు ప్రపంచమున కంతకు సర్వరులు నడుపుచున్నారు. ఒక్క ఆదివారము సంఘము గదికి వచ్చి ఈ ఒక్క కంప్యూటరును పరీక్షింపుడని వారిని కోరుచున్నాము. పెద్దలును వచ్చి నేర్చుకొనవలెను. ఏలనన, ఒకరికే తెలిసిన విద్య ఒక ఖాతాలో చిక్కిన జాబితా వంటిదే.

క్రొత్త జాబితాలో మొదటి పని ఈ సంవత్సరపు తెలుగు బోధన విన్నపము. దాని కెదుట ఈ పర్యాయము ఒకటి కాదు, రెండు పేర్లు వ్రాసితిమి.