గ్రహాన్వేషణమున సమానుల మైత్రి

2008 అక్టోబరు 22వ తేదీని శ్రీహరికోటనుండి బయలుదేఱిన చంద్రయాన్-1 నౌకలో 11 పరికరము లుండెను. వానిలో 5 మనవి, 6 పరదేశములవారివి. అమెరికావారి పరికర మొకటి చంద్రతలమున నీటి యణువుల జాడను పసిగట్టినదని 2009 సెప్టెంబరులో లోకమునకు వెల్లడి యయ్యెను. దానిని చంద్రునికడకు గొనిపోయినది మన నౌక. అంధపంగు న్యాయమునకు ఇంతకంటె చక్కని దృష్టాంతము వేఱొండు గలదా?

అయినను పూర్వవృత్తాంతమును మనవారు మఱువరాదు. క్రయోజెనిక్ ఇంజను నిర్మాణ రహస్యమును మనకు నేర్పుటకు రష్యా యొడంబడియు, 1993లో అమెరికా యొత్తిడికి లోబడి, ఇంజనులను మాత్రమే యిత్తుమని వెనుదీసెను. నాడు మనము అర్థులము. 2008 నాటికి భాగస్వాములము. మనకు సొంత నౌకయు, దానిని పంపు సొంత రాకెట్టును సమకూరుటయే యీ మార్పునకు హేతువు.

ఇప్పుడు జపానుతో గలిసి చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమును శోధించు చంద్రయాన్-5 యత్నమునకు 2025లో మన ప్రభుత్వ మనుమతించినది. రాకెట్టును, చక్రవాహనమును వారివి. దిగెడి నౌక మనది. ఈ పంపకమును మేము హర్షించుచున్నాము. కాని పనిని పంచుకొన్న చాలదు, ఫలమును పంచుకొనవలెను. నౌకలు పంపెడి వివరములు ఉభయదేశముల పండితులకును, విద్యార్థులకును సమముగా నందవలెను. ఇట్టి ప్రతి యొడంబడికలోను ఈ నియమమును నిలుపుట మన ప్రభుత్వమువారి విధియని మా దృఢాభిప్రాయము.